పొడిబారిన చర్మం: నూనె కొరతా? నీటి కొరతా?

అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నవంబరు నెల రాగానే ఒక చిక్కు వచ్చి పడుతుంది. పిక్కల మీద చర్మం బూడిద పూసినట్లు తెల్లబడుతుంది. గోటితో గీస్తే గీత నిలుస్తుంది. నడుము చుట్టూ, మోచేతుల మడతలలో దురద మొదలై, రాత్రి పక్క మీద చేరగానే రెట్టింపవుతుంది. కాకినాడలోనో బందరులోనో అరవై యేళ్ళు గడిపి ఏనాడూ ఈ బాధ ఎరుగని పెద్దవారు, మనుమల ముద్దుముచ్చట కోసం వచ్చి, రెండు నెలలు తిరగకుండానే కాళ్ళు నెత్తురు చిమ్మేటట్లు గోక్కుంటారు. "ఒంటికి నూనె చాలడం లేదు" అన్నది ఇంటింటా వినవచ్చే నిర్ణయం. ఈ నిర్ణయంలో సగం మాత్రమే నిజమున్నది. ఆ సగం ఏదో తేల్చుకోనంతకాలం సీసాలకు సీసాలు నూనె రుద్దినా దురద పోదు.

ముందుగా గాలి సంగతి చూడాలి. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. సున్నాకు దిగువన 10 డిగ్రీల వద్ద రెండు గ్రాములకు కొంచెం మించి పట్టదు. కోస్తా ఆంధ్రంలో ఉక్కపోతగా ఉన్న రోజున సాపేక్ష ఆర్ద్రత 75 శాతం అనుకుంటే, ఘనపు మీటరుకు 22, 23 గ్రాముల నీరు గాలిలో ఉన్నట్లు. మిన్నెసోటాలో జనవరి ఉదయం బయటి గాలిలో అది గ్రామున్నర ఉంటే గొప్ప. ఆ గాలినే ఇంటిలోని ఫర్నేసు 21 డిగ్రీలకు వేడిచేస్తుంది. వేడి చేరుతుందే గాని నీరు చేరదు. 21 డిగ్రీల గాలి 18 గ్రాములు పట్టగలదు కనుక, ఉన్న గ్రామున్నరతో లెక్కగడితే ఆర్ద్రత పది శాతం లోపునకు దిగజారుతుంది. వంట, స్నానం, మనుషుల ఊపిరి కలిసి దీనిని కొంత పెంచినా, ఇంటిల్లిపాదీ ఎడారిలో కాపురమున్నట్లే లెక్క. ఆ ఎండుగాలి తనకు కావలసిన నీటిని దొరికిన చోటునుండల్లా లాక్కుంటుంది. కుర్చీల చెక్క బీటలు వారుతుంది, మనుషుల చర్మం పొలుసులు లేస్తుంది.

ఈ నీటి దోపిడీని అడ్డగించవలసినది చర్మపు పైపొర. దీనిని కొమ్ముపొర అనవచ్చు. దీని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు మాత్రమే. ఇంత పలుచని పొర మనిషిని ఎండిపోకుండా కాపాడుతున్నదంటే దాని నిర్మాణమే కారణం. పీటర్ ఎలియాస్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో ప్రచారంలోకి తెచ్చిన పోలిక ప్రకారం ఇది ఇటుకల గోడ వంటిది. కెరటిన్ అనే ప్రోటీను దట్టంగా నిండిన మృతకణాలు ఇటుకలు. వాటి నడుమ సున్నంలా అతికి ఉన్నవి సెరమైడులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. గుండెజబ్బు పేరు చెప్పి అందరూ తిట్టిపోసే కొలెస్టరాలే ఇక్కడ గోడను నిలబెట్టే మేస్త్రీ సామాను. ఇటుకలలో కూడా కొంత నీరు ఉండాలి. ఆ నీటిని పట్టి ఉంచేందుకు అమైనో ఆమ్లాలు, లాక్టిక్ ఆమ్లం, యూరియా వంటి చిన్న అణువులు కణాలలోనే తయారై ఉంటాయి. వానాకాలంలో ఉప్పుజాడీ చెమ్మగిల్లినట్లు ఇవి నీటిని ఆకర్షించి పెట్టుకుంటాయి.

ఇటుకలలో నీరు తగ్గితే ఏమవుతుంది? చర్మం పైనుండి మృతకణాలు ప్రతిదినం ఒక్కొక్కటిగా, కంటికి కనపడకుండా రాలిపోవాలి. కణానికీ కణానికీ ఉన్న బంధాలను తెంచేవి కొన్ని ఎంజైములు. నీరు లేనిదే ఎంజైము పనిచేయదు. బంధాలు తెగక కణాలు గుంపులు గుంపులుగా అతుక్కుని, చివరకు రేకులుగా ఊడుతాయి. పొలుసులన్నవి ఇవే. మెత్తదనం పోయిన పొర కదలికకు తట్టుకోలేక పగులుతుంది. ఎండిన చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్లు ముసలివారి పిక్కల మీద కనిపించే గళ్ళు ఈ విధంగా ఏర్పడినవే.

నూనె ప్రసక్తికి వద్దాము. బోస్టనులో ఇర్విన్ బ్లాంక్ అనే పరిశోధకుడు 1952లో ఒక సాదా ప్రయోగాన్ని ప్రచురించాడు. కాయకాచిన చర్మపు ముక్కలను తీసి బాగా ఎండబెట్టాడు. అవి అప్పడాల్లా పెళుసెక్కాయి. వాటిని రకరకాల నూనెలలో నానబెట్టి చూశాడు. ఎంతకాలం నానినా పెళుసుతనం పోలేదు. నీటిలో వేసినప్పుడు మాత్రం మెత్తబడ్డాయి. నీటి పరిమాణం పది శాతానికి తగ్గితే చర్మం బిరుసెక్కుతుందని కూడా ఆయన కనుగొన్నాడు. దీనిని బట్టి పొడిచర్మమంటే నీటి కొరత. అయితే నూనె దేనికి? ఉన్న నీరు ఆవిరైపోకుండా మూత వేయడానికి. ఖాళీ గిన్నె మీద ఎంత మంచి మూత పెట్టినా గిన్నె నిండదు గదా! "నూనె చాలలేదు" అన్న మాటలో నిజమైన సగం ఈ మూత మాత్రమే.

తెలుగువారి తలంటు సంప్రదాయాన్ని ఈ దృష్టితో ఒకసారి పరిశీలించడం అవసరం. ముందు నువ్వులనూనె మర్దన, తరువాత సున్నిపిండి రుద్దుకొని, ఆపైన వేడినీళ్ళు. సంక్రాంతినాడు గోదావరి జిల్లాలో ఇది దివ్యమైన పద్ధతి. సున్నిపిండి నూనెను పీల్చుకొని పోయినా, గాలిలో కావలసినంత తేమ ఉన్నది గనుక చర్మానికి లోటు రాదు. అదే వరుసను షికాగోలో పాటిస్తే ఫలితం తలకిందులవుతుంది. స్నానంలో చర్మం నీరు పీల్చి ఉబ్బుతుంది, మూతగా ఉండవలసిన నూనె సున్నిపిండితోనో సబ్బుతోనో కొట్టుకుపోయి ఉంటుంది, తుడుచుకున్న కొద్ది నిమిషాలలోనే ఆ నీరంతా ఎండుగాలి పాలవుతుంది. తప్పు నూనెది కాదు, వరుసది. ఈ దేశంలో స్నానం ముందు, మూత తరువాత. గోరువెచ్చని నీటితో పది నిమిషాలకు మించకుండా స్నానం చేసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకొని, చెమ్మ ఆరకముందే, అంటే సుమారు మూడు నిమిషాలలోపు, పూత పూసుకోవాలి. ఇంత చిన్న మార్పుతోనే ఎందరికో సగం బాధ తీరుతుంది. మరొక లాభం కూడా ఉన్నది. నూనె కారిన స్నానపు తొట్టిలో పెద్దవారు కాలుజారి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం తప్పుతుంది.

మూతగా వేటిని వాడాలి? రసాయనికంగా అన్నిటికంటె గట్టి మూత పెట్రోలియం జెల్లీ. పెన్సిల్వేనియా చమురు బావుల వద్ద పంపుల కడ్డీలకు పేరుకునే మైనపు మడ్డినుండి రాబర్ట్ చీజ్‌బ్రో దీనిని శుద్ధిచేసి, 1872లో పేటెంటు పొందాడు. వేసలిన్ అన్న పేరు ఆయన పెట్టినదే. చవకైనది, వాసన లేనిది, దాదాపు ఎవరికీ పడకపోవడమన్నది లేనిది. ఇది పైన పొరలా నిలవడమే గాక గోడలోని సున్నపు సందులలోకి కూడా ఇంకుతుందని 1992లో పరిశోధకులు చూపారు. జిడ్డు ఒక్కటే దీని లోపం.

వంటింటి నూనెలన్నీ ఒక్కటి కావు. సన్‌ఫ్లవర్ నూనెలో లినోలిక్ ఆమ్లం అధికం. చర్మపు సెరమైడులలో అది ఒక భాగం. ఆలివ్ నూనెలో ఓలియిక్ ఆమ్లం అధికం. ఇది గోడలోని సున్నాన్ని వదులుచేసే స్వభావం కలది. ఇంగ్లండులో 2013లో వెలువడిన ఒక పరిశీలనలో ఆలివ్ నూనె రాసిన చోట పెద్దల చర్మపు గోడ బలహీనపడింది, సన్‌ఫ్లవర్ నూనె రాసినచోట అట్లా జరగలేదు. ఆవనూనె చర్మాన్ని మండిస్తుంది కనుక పసిపిల్లలకు అది తగదు. కొబ్బరినూనె మీద జరిగిన చిన్న పరిశీలనలు అనుకూలంగానే ఉన్నాయి. ఏమైనా ఇవేవీ పెట్రోలియం జెల్లీ అంత గట్టి మూతలు కావు.

సబ్బు గురించి నాలుగు మాటలు. సబ్బంటే కొవ్వు ఆమ్లపు సోడియం లవణం. నీటిలో కరగగానే క్షారగుణం చూపుతుంది. దాని పీహెచ్ 9 నుండి 10 వరకు ఉంటుంది. ఆరోగ్యమైన చర్మం పీహెచ్ 5కు అటూ ఇటూ, అంటే కొంచెం పులుపు వైపు. ఈ పులుపు ఉన్నప్పుడే సెరమైడులను తయారుచేసే ఎంజైములు సవ్యంగా నడుస్తాయి. సబ్బు మురికితో పాటు గోడ సున్నాన్ని కూడా కడిగివేసి, మిగిలిన ఎంజైముల పనిని చెడగొడుతుంది. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ వంటి కృత్రిమ క్షాళకాలతో చేసిన బిళ్ళలు ఈ విషయంలో మేలు. చంకలు, తొడల సందులు, పాదాలు తప్ప తక్కిన శరీరానికి ప్రతిదినం సబ్బు అవసరమే లేదు. డబ్బాపై "అన్‌సెంటెడ్" అని ఉంటే చాలదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అసలు వాసనను కప్పిపుచ్చే మరొక పరిమళాన్ని అందులో కలిపి ఉండవచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అన్న మాటనే వెదకాలి.

లోషనా, క్రీమా, ఆయింట్‌మెంటా అన్న చర్చ చాలాకాలం సాగింది. బ్రిటనులో ఎగ్జిమా ఉన్న పిల్లల మీద జరిపి 2022లో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో ఈ రకాల మధ్య గుణంలో తేడా కనిపించలేదు. విసుగు లేకుండా రోజూ పూసుకోగలిగినదే మంచిది. పరిమాణంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఎగ్జిమా ఉన్న పిల్లవాడికి వారానికి పావు కిలో, అంతకు మించి కూడా కావలసి వస్తుంది. సున్నితమైన సీసాలో అరవై గ్రాములు కొని నెలరోజులు వాడేవారికి ఫలితం కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక హెచ్చరిక: ఈ పూతలు ఇంకిన బట్టలకు నిప్పు తగిలితే చాలా వేగంగా అంటుకుంటాయి. ఉతికినా జిడ్డు పూర్తిగా పోదు. దీపారాధన వద్ద, గ్యాసు పొయ్యి వద్ద జాగ్రత్త వహించాలి.

పొడిచర్మం ఒక మెట్టు, ఎగ్జిమా దాని పై మెట్టు. కొందరు పిల్లలకు పుట్టిన కొద్ది నెలలలోనే చెంపల మీద, ఆ తరువాత మోచేతుల, మోకాళ్ళ మడతలలో ఎడతెగని దురదతో మచ్చలు లేస్తాయి. ఆస్తమా, తుమ్ములు ఉన్న వంశాలలో ఇది ఎక్కువ. స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మక్లీన్ బృందం 2006లో దీని మూలాన్ని కొంతవరకు వెలికితీసింది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీనును తయారుచేసే జన్యువులో లోపముంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. నీటిని పట్టి ఉంచే చిన్న అణువులలో అధిక భాగం ఈ ఫిలాగ్రిన్ విరిగి ఏర్పడేవే. ఐరోపా సంతతివారిలో ఇంచుమించు పదింట ఒకరికి ఈ లోపం ఉన్నది. ఇదొక్కటే కారణమని కాదు గాని, రక్తం చెడిపోయి చర్మం చెడుతుందన్న పాత నమ్మకాన్ని ఇది కదిలించింది. చాలామందిలో ముందు గోడ బీటవారుతుంది. ఆ సందుల గుండా ప్రవేశించిన దుమ్ము, సూక్ష్మజీవులు శరీరపు రక్షణ వ్యవస్థను రెచ్చగొడతాయి.

ఇక్కడే తిండి మీద ఆంక్షలు మొదలవుతాయి. వంకాయ మానిపిస్తారు, గుడ్డు మానిపిస్తారు, చివరకు పాలు కూడా మానిపిస్తారు. పరీక్షలో రుజువు కాకుండా పెరిగే పిల్లవాడి పళ్ళెం ఖాళీ చేయడం హానికరం. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసిపిల్లలకు వేరుశనగ ఆలస్యం చేయడమే ఎలర్జీకి దారితీస్తుందనీ, వైద్యుని పర్యవేక్షణలో తొలి యేడాదిలోనే తినిపిస్తే ఆ ఎలర్జీ నూటికి ఎనభై వంతులు తగ్గుతుందనీ లండనులో 2015లో వెలువడిన పరిశీలన తేల్చింది. పల్లీ పచ్చడి తినే జాతికి ఇది శుభవార్తే.

దురదకు ఒక స్వభావమున్నది. గోకితే క్షణం హాయి, గోకిన చోట గోడ మరింత చిట్లి ఇంకా ఎక్కువ దురద. దద్దుర్లలో దురద పుట్టించేది హిస్టమిన్ గనుక దాని విరుగుడు బిళ్ళలు పనిచేస్తాయి. ఎగ్జిమాలో దురదను మోసేవి ప్రధానంగా ఇంటర్‌ల్యూకిన్‌లనే వేరే అణువులు. అందువల్ల అవే బిళ్ళలు నిద్రపట్టిస్తాయే తప్ప దురదను పెద్దగా తగ్గించవు. ఇంటర్‌ల్యూకిన్ 4, 13ల సంకేతాన్ని అడ్డుకొనే డుపిలుమాబ్ అనే సూదిమందు 2017లో అమెరికాలో అనుమతి పొందింది. పూతలకు లొంగని తీవ్రమైన వ్యాధికి అది వరమైంది.

సామాన్యంగా మంటను ఆర్పేది స్టెరాయిడ్ పూత. హైడ్రోకార్టిసోన్‌ను చర్మంపై పూసి గుణమున్నదని సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు ప్రకటించినది కూడా 1952లోనే, బ్లాంక్ ప్రయోగం వెలువడిన ఏడాదే. ఈ మందు పట్ల తెలుగు ఇళ్ళలో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. ఒకటి భయం: స్టెరాయిడ్ అన్న మాట వినగానే వైద్యుడిచ్చిన తేలికపాటి మందును కూడా పూయకుండా పిల్లవాడిని రాత్రంతా గోక్కోనివ్వడం. తగిన బలమున్న మందు, తగిన చోట, చెప్పినన్ని రోజులు పూస్తే భయపడవలసినది లేదు. పెద్దవారి చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండిన మందు, అంటే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.

రెండవది ఇంతకంటె ప్రమాదం: ఇండియానుండి పెట్టెలో తెచ్చుకున్న గొట్టాలు. వీటిలో కొన్నిటిలో హైడ్రోకార్టిసోన్ కన్నా వందల రెట్లు బలమైన క్లోబెటసాల్, శిలీంధ్రాలను చంపే మందు, సూక్ష్మజీవుల మందు, మూడూ కలిపి ఉంటాయి. చీటీ లేకుండా స్టెరాయిడ్ పూతలు అమ్మరాదని భారత ప్రభుత్వం 2018లో కట్టడి చేసినా, పాత అలవాటు తేలికగా పోదు. మన భాషలోని ఒక చిక్కు కూడా దీనికి తోడవుతున్నది. తామర అన్న మాటను గుండ్రంగా అంచుకట్టి పాకే శిలీంధ్ర వ్యాధికీ వాడతారు, ఎగ్జిమాకూ వాడతారు. రెండింటికీ చికిత్స పరస్పర విరుద్ధం. ఎగ్జిమాను తగ్గించే స్టెరాయిడ్, శిలీంధ్రానికి ఎరువు వంటిది. పూసిన రెండు రోజులు దురద మాయమవుతుంది, లోపల శిలీంధ్రం హాయిగా విస్తరిస్తుంది, అంచులు చెరిగిపోయి వైద్యుడు కూడా గుర్తించలేని రూపం దాలుస్తుంది. మామూలు మందులకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే జాతి ముందుగా భారత ఉపఖండంలో ప్రబలి, 2023 నాటికి న్యూయార్కులో కూడా బయటపడింది. దానికి ఇండియా పేరు తగలడం గర్వించదగిన విషయం కాదు. ముఖంపై ఆ గొట్టాలను నెలల తరబడి పూస్తే చర్మం కాగితంలా పలచబడి ఎర్రని నరాలు తేలుతాయి.

ఎంత జాగ్రత్తపడినా ఒకేచోట మళ్ళీ మళ్ళీ వచ్చే పొక్కు ఉంటే అక్కడ ఏమి తాకుతున్నదో చూడాలి. బొడ్డు కింద మచ్చకు జీన్సు బొత్తాం, చెవితమ్మెకు గిల్టు కమ్మలు, మెడకు పిన్నీసు కారణం కావచ్చు. వీటిలోని నికెల్ చెమటలో కరిగి చర్మంలోకి దిగుతుంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ చుక్క వేసి దూదితో రుద్దితే నికెల్ ఉన్నచోట దూది గులాబిరంగు తిరుగుతుంది. రసాయనశాస్త్ర విద్యార్థులకు సుపరిచితమైన ఈ పరీక్ష చిన్న సీసాలలో బజారులో దొరుకుతుంది. నుదుట దురద, ఆపైన తెల్లమచ్చ వస్తే అంటించుకునే బొట్టుబిళ్ళ జిగురును అనుమానించాలి. అందులోని పారా టెర్షియరీ బ్యుటైల్ ఫీనాల్ రంగును తయారుచేసే కణాలనే దెబ్బతీస్తుంది. తలకు వేసుకునే నల్లరంగులో పారాఫెనిలీన్ డయమీన్ ఉంటుంది. చెవుల వెనుక, నుదుటి అంచున రసికారితే రంగు మానవలసినదే.

ఇంకొకటి వింతైనది. పెరటిలో ఆకులు ఊడ్చిన మరునాడు చేతులమీద గీతలు గీతలుగా బొబ్బలు తేలితే పాయిజన్ ఐవీ కారణమని అమెరికన్లందరికీ తెలుసు. ఆ తీగ మామిడికీ, జీడిమామిడికీ, చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడికీ దాయాది. అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు, జిగురులో దగ్గరి రూపాలున్న ఫీనాలు అణువులు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇండియాకు వచ్చిన అమెరికన్ సైనికులకు చాకలి గుర్తు తగిలినచోట మెడమీద పుండ్లు లేచాయి. పాయిజన్ ఐవీ పడనివారు మామిడి సొన దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మామిడిపండు తొక్క తీసి తింటే సాధారణంగా బాధ ఉండదు.

ఇంటిలో అందరికీ రాత్రులందు దురద, వేళ్ళ సందులలో పొక్కులు ఉంటే అది గజ్జి పురుగు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోవాలి. పొక్కు ఏదీ లేకుండా ఒళ్ళంతా వారాల తరబడి దురద పెడితే కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్, రక్తం పరీక్షించాలి. ఎగ్జిమా ఉన్నవారికి జ్వరంతో గుంపులుగా నీటిపొక్కులు లేస్తే అది హెర్పిస్ కావచ్చు. మర్నాటికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

వైద్యపుస్తకాలలో ఎగ్జిమా ఎర్రగా ఉంటుందని వ్రాస్తారు. తెల్లవారి చర్మాన్ని చూసి వ్రాసిన వాక్యమది. మన చామనచాయలో ఆ ఎరుపు ఊదా, గోధుమ, బూడిద రంగులలో దాగి, వ్యాధి ఉన్నదానికన్న తక్కువగా కనిపిస్తుంది. దురదకు నిద్ర ఎన్ని గంటలు పోతున్నదో, చర్మం తడిమితే గరుకుగా, దళసరిగా ఉన్నదో వైద్యుడికి చెప్పడం మంచిది. తగ్గిన తరువాత మిగిలే నల్లని, తెల్లని మచ్చలు వ్యాధి కావు. వాటిని పోగొట్టాలని తెల్లబరిచే క్రీములు పూయరాదు. అవి నెలల మీద వాటంతటవే చర్మంలో కలిసిపోతాయి.